సుమో గాల్లోకి ఎలా లేస్తుంది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పేర్లు చెప్పగానే బయటి జిల్లాల వాళ్ళలో చాలామందికి దుమ్ము రేపుకుంటూ వరసగా వచ్చే సుమోలు గుర్తొస్తాయి. 1999లో బి. గోపాల్ ‘సమరసింహారెడ్డి’ ఆడిన తర్వాత సీమ కక్షల కథలు వెల్లువెత్తాయి. 2002లో వి.వి. వినాయక్ తొలి సినిమా ‘ఆది’ వచ్చేసరికి సుమోలు గాల్లోకి కూడా లేచాయి. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళు, పులివెందుల అరటి తోటలు ఆ పొగ వెనక పడిపోయాయి. ఈ ప్రాంతంవాళ్ళకు ఆ బాధ ఉంది, అది న్యాయమైనదే. ఆ పొగ వెనకే పడిపోయినవాళ్ళు మరికొందరున్నారు. బండిని లేపిన ఫైట్ మాస్టర్లు, అందులో కూర్చున్న ఫైటర్లు, కింద వెల్డింగ్ చేసిన మెకానిక్కులు. వాళ్ళు చేసే పని మొండి ధైర్యంతో జరిగేది కాదు, ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలోని లెక్కలతో జరిగేది.

ముందు పేలుడు సంగతి చూద్దాం. టన్నున్నర బండిని మూడు మీటర్లు పైకి లేపడానికి కావలసిన శక్తి సుమారు 44 వేల జౌళ్ళు. లీటరు పెట్రోలు మండితే మూడు కోట్ల జౌళ్ళకు పైనే వస్తుంది. అంటే ఒకటిన్నర మిల్లీలీటర్ల పెట్రోల్లో, చిన్న చెంచాలో మూడో వంతు కూడా లేని ఆ కాస్తలో, సుమోని మిద్దె ఎత్తుకు లేపే శక్తి ఉంది. మరి లీటర్లకు లీటర్లు మండుతున్నా బండి ఎందుకు కదలదు? ఆరుబయట మండే పెట్రోలు తన శక్తిని వేడిగా, వెలుగుగా నలుదిక్కులా పారబోస్తుంది. అది తోయడానికి ఎదురుగా మూసిన గోడంటూ ఏదీ ఉండదు. తెరమీద మనం చూసే నారింజరంగు మంటల గోళం కంటికోసమే. పైగా డీజిలు సుమో ట్యాంకు తనంత తాను అలా భగ్గుమనదు. పెట్రోలు ఆవిరి చలిలో కూడా అంటుకుంటుంది, డీజిలైతే యాభై డిగ్రీలు దాటేదాకా అంటుకునేంత ఆవిరే ఇవ్వదు. అందుకని అసలు ట్యాంకు తీసేసి, మంట కోసం వేరే ఇంధనాన్ని కొలిచి పెడతారు.

బండిని నిజంగా లేపేది ఆ మంటకు చాటున ఉన్న వేరే ఏర్పాటు. ఒక పద్ధతిలో క్రేన్లకు కట్టిన రోప్‌తో లాగుతారు, ఆ తర్వాత రోప్‌ను కంప్యూటర్లో చెరిపేస్తారు. మరో పద్ధతిలో బండి అడుగున ఉక్కు గొట్టం బిగించి, అందులో బరువైన దిమ్మె పెట్టి, బాగా ఒత్తిడి మీదున్న నైట్రోజన్ వాయువును ఒక్కసారిగా వదులుతారు. దిమ్మె నేలను తన్నుతుంది, నేల బండిని అంతే బలంతో పైకి తన్నుతుంది. న్యూటన్ మూడో నియమం. గొట్టాన్ని బండి మధ్యలో పెడితే నేరుగా లేస్తుంది, ఒక పక్కకు పెడితే టార్కు, అంటే తిప్పే బలం, పుట్టి పల్టీలు కొడుతుంది.

1974లో జాన్ వేన్ నటించిన ‘మెక్‌క్యూ’ కోసం స్టంట్ నిపుణుడు హాల్ నీధమ్ బృందం ఈ గొట్టం పద్ధతిని వాడింది. అప్పట్లో నైట్రోజన్ బదులు తుపాకిమందు. 2006 నాటి బాండ్ సినిమా ‘క్యాసినో రాయల్’లో ఆస్టన్ మార్టిన్ కారును ముందు ర్యాంపు మీదుగా దొర్లించాలని చూశారు. అది నేలకు అంటుకుపోయినట్టుండే కారు, పడలేదు. చివరికి వాయువు గొట్టం బిగించి ఏడు పల్టీలు కొట్టించారు. గిన్నిస్ రికార్డయింది. డ్రైవరు ఆడమ్ కర్లీ క్షేమంగా దిగాడు.

ఆ కారు ఎందుకు పడలేదో తెలిస్తే మన సినిమావాళ్ళు సుమోనే ఎందుకు పల్టీ కొట్టించగలిగారో అర్థమవుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం మీటరున్నర, గరిమనాభి (బరువు కేంద్రం) నేలకు అరమీటరు ఎత్తున ఉన్న కారును యాభై ఆరు డిగ్రీల దాకా వంచినా అది తిరిగి నాలుగు చక్రాల మీదికి వస్తుంది. చక్రాల మధ్య దూరం ఒకటీ పాయింట్ నాలుగు మీటర్లకు తగ్గి, గరిమనాభి డెబ్భై సెంటీమీటర్లకు పెరిగితే నలభై ఐదు డిగ్రీలకే ఒరిగిపోతుంది. సుమో లాంటి పొడుగు బండ్లు ఈ రెండో రకానికి దగ్గర. ఒక పక్క చక్రాలు మాత్రమే ఎక్కేలా ఇనప పైపుతో ర్యాంపు వేస్తే చాలు, వేగమే మిగతా పని చేస్తుంది.

గంతు వేయించడం ఇంతకంటే కష్టమని నా అభిప్రాయం. గంతులో గాలిలోకి లేచిన బండి కూడా విసిరిన రాయిలాగే ప్రక్షేపకం. పదిహేను డిగ్రీల ర్యాంపు మీద నుంచి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తే అదే ఎత్తులో పది మీటర్ల అవతల దిగుతుంది. 60తో వెళ్తే పద్నాలుగు మీటర్లు, 70తో వెళ్తే పంతొమ్మిది. దూరం వేగం వర్గాన్ని బట్టి పెరగడం వల్ల స్పీడోమీటరు ముల్లు కాస్త పక్కకు జరిగితే దిగే చోటు మీటర్ల లెక్కన మారిపోతుంది. ‘ఇంకొంచెం తొక్కు’ అనే మాట సెట్లో ఎంత ప్రమాదమో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

దీనికి తోడు ముక్కు వాలడం ఒకటుంది. ముందు చక్రాలు ర్యాంపు అంచు దాటగానే కిందికి జారడం మొదలుపెడతాయి, వెనక చక్రాలు ఇంకా ర్యాంపు మీదే ఉంటాయి. ఇంజను బరువంతా ముందే ఉండటంతో బండి గాలిలో తలకిందులవడానికి చూస్తుంది. అందుకే వెనక ఇసుక బస్తాలు వేసి బరువు సరిచేస్తారు. డ్రైవరు లేని షాటైతే ఒక్కోసారి ఇంజనునే తీసేస్తారు. అప్పుడు బరువుతో పాటు గరిమనాభి కూడా జరుగుతుంది కాబట్టి లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. 1974లోనే ‘ది మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్’ కోసం థాయిలాండ్‌లో ఒక కారు కాలువ మీదుగా గాలిలో మరమేకులా ఒక చుట్టు తిరిగి అవతల నిలబడింది. అమెరికాలోని కార్నెల్ ఏరోనాటికల్ ల్యాబొరేటరీలో కంప్యూటర్ మీద లెక్కకట్టిన గంతు అది. వేగం గంటకు దాదాపు 64 కిలోమీటర్లు. బరువు ఇరువైపులా సమంగా ఉండటానికి స్టీరింగును మధ్యకు మార్చి, డ్రైవర్‌ను నడుమ కూర్చోబెట్టారు. మొదటి టేక్‌లోనే షాటు ఓకే అయింది.

లేవడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడిన బండి ఇరవై సెంటీమీటర్లలో ఆగితే, లోపలి మనిషి మీద సగటున గురుత్వ త్వరణానికి పన్నెండున్నర రెట్ల దెబ్బ పడుతుంది. అదే మీటరు దూరంలో ఆగితే రెండున్నర రెట్లే. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. వెన్నెముక బతకడం, విరగడం ఈ భాగహారంలో ఉంది. వాలుగా దిగే ర్యాంపు, పేర్చిన ఖాళీ అట్టపెట్టెలు, గుల్ల చేసిన నేల అన్నీ ఆగే దూరాన్ని పెంచడానికే.

ఇక్కడ మన నేలలు పనిలోకి వస్తాయి. జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి ఎండాకాలంలో బీటలువారి గట్టిపడుతుంది, ఒక్క వాన పడితే చక్రాన్ని పట్టేసుకుంటుంది. ఉదయం చూసిన నేల సాయంత్రానికి అదే నేల అనుకోవడానికి లేదు. ప్రొద్దుటూరు పక్కన పెన్నా ఇసుక మెత్తగానే ఉన్నా, ముందు చక్రాలు అందులో కూరుకుపోతే బండి అడ్డంగా ఆగి వెనకభాగం లేచి తిరగబడుతుంది. పైనుంచి పడే మనిషికి పనికొచ్చే ఇసుక, వేగంతో వచ్చే చక్రానికి గోడవుతుంది. రాజమౌళి 2010లో ‘మర్యాద రామన్న’ తీసిన గండికోట లాంటి చోటైతే అంచు అవతల వంద మీటర్ల దాకా లోయ, నేలేమో రాయి. ఆగే దూరం అనేదే ఉండదు. అలాంటి చోట్ల బండిని మనిషి లేకుండా రిమోట్‌తో నడపాలి, లేదా లోయకు దూరంగా తీసి ఆ తర్వాత కలపాలి.

కెమెరా కూడా భద్రతకు సాయపడుతుంది. సెకనుకు ఇరవై ఫ్రేములు తీసి ఇరవై నాలుగుతో ప్రదర్శిస్తే 60తో వెళ్ళే బండి 72తో వెళ్తున్నట్టు కనిపిస్తుంది. నిజంగా వేగం పెంచనక్కర్లేదు. బండి ఒక్కసారే నుజ్జవుతుంది కాబట్టి నాలుగైదు కెమెరాలు ఒకేసారి తిరుగుతాయి.

ఇన్ని లెక్కలున్నా మనుషులు పోతున్నారు. 2025 జూలై 13న తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో ‘వెట్టువం’ చిత్రీకరణలో, ర్యాంపు మీదుగా కారు పల్టీ కొట్టించే షాటులో అనుభవజ్ఞుడైన స్టంట్ కళాకారుడు మోహన్‌రాజ్ ప్రాణాలు కోల్పోయాడు. లోపల ఉక్కు పైపుల పంజరం, భుజాల మీదుగా బిగించే బెల్టులు, మెడ ఊగకుండా పట్టు, ఇంధనం కొద్దిగానే ఉండటం, ముందుగా ఖాళీ బండితో ఒకసారి చూసుకోవడం ఎంత ఖర్చయినా మానకూడనివి. గుర్తింపు మాత్రం ఇప్పుడిప్పుడే వస్తోంది. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో స్టంట్లకు 2016 సినిమాలతో చోటు దొరికింది. ‘ఆర్ఆర్ఆర్’కు కింగ్ సోలోమన్, ‘హనుమాన్’కు నందు, పృథ్వీ దాన్ని అందుకున్నారు. ఆస్కార్‌లో 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ రూపకల్పనకు అవార్డు ఇస్తామని ప్రకటించారు.

రేపు మన ప్రాంతంలో ఎవరైనా ఇలాంటి షాటు పెట్టుకుంటే ర్యాంపు కొలతలతో పాటు చూడవలసిన దూరం ఇంకొకటుంది. గండికోట నుంచి జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్లు, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి అంతకంటే దూరం. అంబులెన్సు ఇంజను ఆన్‌లో పెట్టుకుని ర్యాంపు పక్కనే నిలబడాలి, అది కదిలే దారికి అడ్డంగా జనరేటర్ వ్యాను గానీ చూడవచ్చినవాళ్ళ బైకులు గానీ ఉండకూడదు. అది చూసుకున్నాకే ‘యాక్షన్’ అనాలి.