సైలెన్సరు మారింది... దీపం వెలిగింది!

బయట కొన్న సైలెన్సరో, గొట్టమో బిగించిన రెండ్రోజులకే కారులో ‘చెక్ ఇంజిన్’ దీపం వెలుగుతుంది. ఇంజిన్ పోయిందేమోనని కంగారుపడక్కర్లేదు. అలాగని దాన్ని ఆర్పించేసి ఊరుకోనూ కూడదు.

యానాం పేరు చెబితే కాకినాడ, అమలాపురం వైపు కార్లున్న ఇళ్లలో మొదట గుర్తొచ్చేది పెట్రోలే. పన్నుల తేడా పుణ్యమా అని పుదుచ్చేరికి చెందిన ఈ చిన్న పట్నంలో లీటరు ఆంధ్రాలోకన్నా చవక. అటు పనిబడితే ట్యాంకు నింపుకుని రావడం మామూలే. అలా మిగిలే డబ్బుని రూపాయితో సహా లెక్కేసే వాళ్లం, అదే పెట్రోలు పొగగొట్టంలోంచి వృథాగా పోతుంటే మాత్రం పట్టించుకోం. నిజానికి ఆ సంగతి చెప్పడానికే కారులో ఓ దీపం ఉంది.

ఇంట్లో కుర్రాడు ముచ్చటపడి గట్టిగా మోగే సైలెన్సరు పెట్టించాడనుకోండి. లేదా సముద్రపు గాలికి తుప్పుపట్టి పాతది చిల్లుపడితే, కంపెనీది ఖరీదని నాన్నగారే బయటి దుకాణంలో దొరికింది వేయించారనుకోండి. రెండ్రోజులు బండి బాగానే నడుస్తుంది. మూడోరోజు ఎదుర్లంక వంతెన ఎక్కుతుండగా డ్యాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజిన్ బొమ్మ! ‘మొన్ననేగా బాగు చేయించాం’ అని విసుగు.

మూడోరోజే ఎందుకంటే... కారులోని కంప్యూటర్ చాలా తప్పుల్ని మొదటిసారి చూడగానే చెప్పదు. గుర్తుపెట్టుకుని, మరో ప్రయాణంలోనూ అదే కనిపిస్తే అప్పుడు దీపం వెలిగిస్తుంది.

ఇద్దరు కాపలాదారులు

వెనకాల కనిపించే సైలెన్సరు డబ్బా ఒక్కటే మారిస్తే సాధారణంగా ఈ దీపం వెలగదు. గొడవంతా దానికి ముందు, ఇంజిన్‌కు దగ్గరగా ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర. లోపల తేనెపట్టులాంటి గదులు, వాటికి పూతగా ప్లాటినం, పల్లాడియం, రోడియం. కార్బన్ మోనాక్సైడునూ కాలని పెట్రోలు ఆవిరినీ నైట్రోజన్ ఆక్సైడులనూ చాలావరకు కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మార్చి పంపడం దాని పని.

దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. ముందున్నది చెప్పే లెక్కనుబట్టి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువా తక్కువా చేస్తుంటుంది. కన్వర్టర్ సరిగ్గా ఉంటే వెనకున్న సెన్సర్ లెక్క నిలకడగా ఉంటుంది. అదీ ముందుదానిలాగే ఊగిసలాడితే, మధ్యలో ఉన్నది పని చేయడంలేదని కంప్యూటర్‌కు అర్థమైపోతుంది. పీ0420 అనే కోడ్ చెప్పేది ఇదే. కన్వర్టర్ పీకేసి ఖాళీ గొట్టం పెట్టినా, అసలు పూతే సరిగాలేని చవకరకం బిగించినా వచ్చే ఫలితం ఇది.

అయితే ప్రతిసారీ కన్వర్టర్‌దే తప్పు కాదు. పని తొందరలో సెన్సర్ ప్లగ్గు సరిగ్గా తగిలించకపోవచ్చు. వైరు వేడి గొట్టానికి ఆని కాలిపోవచ్చు. కీలు దగ్గర గ్యాస్కెట్ కూర్చోకపోతే ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. ముందు సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు చాలట్లేదనుకుంటుంది, కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. యానాంలో మిగుల్చుకున్నదంతా ఇక్కడే ఖర్చు!

ఆర్పేస్తే సరా?

‘ఏం కాదు సార్, సెన్సర్‌కి చిన్న ముక్క తగిలిస్తే దీపం రాదు’ అనే మాట షెడ్లలో వినిపిస్తూనే ఉంటుంది. ఆ ముక్క వెనక సెన్సర్‌ను పొగకు దూరంగా జరుపుతుంది, అంతే. జబ్బు అలాగే ఉంటుంది, థర్మామీటరు మాత్రం పగలగొట్టినట్టు. రేపు కన్వర్టర్ నిజంగా పాడైనా చెప్పే దిక్కుండదు.

అంతకన్నా భయపడాల్సింది లీకు గురించి. కారు కింద కారిన పొగ క్యాబిన్‌లోకి చేరితే అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. ఏసీ వేసుకుని అద్దాలు మూసిన కారులో పిల్లలకు తలనొప్పి, మగత, వికారం అంటే ప్రయాణం పడలేదని సరిపెట్టుకోకండి. బండి ఆపి, దిగి గాలి పీల్చుకోండి. గొట్టం కీళ్ల దగ్గర నల్లటి మసి, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే బుసలాంటి చప్పుడు లీకుకు గుర్తులు.

దీపం వెలిగి నిలిచి ఉంటే నెమ్మదిగా మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా మండక కన్వర్టర్‌లోకి పోతోందన్నమాట. అది విపరీతంగా వేడెక్కుతుంది. పక్కకు తీసి ఆపేయాలి.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టూ అదే అంది. అదే ఏడాది సవరణతో ఇలాంటి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అన్నారు. నంబరు పీవై-04 అయినా ఏపీ అయినా చట్టం ఒకటే.

కోడ్ చదివించడం పెద్ద పని కాదు. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టుంటుంది, స్కానర్ తగిలిస్తే చాలు. ‘ముందు కోడ్ చూపించండి, తరువాత ప్లగ్గు, వైరు, గ్యాస్కెట్ చూడండి’ అని అడగండి. ఖరీదైన ముక్క మార్చే మాట ఆఖర్న. తప్పనిసరై కన్వర్టరే మార్చాల్సొస్తే పాతదాన్ని షెడ్డులో వదిలేయకండి. అందులో ప్లాటినం జాతి లోహాలున్నాయి, పాత సామాను కొనేవాళ్లకు దాని విలువ బాగా తెలుసు. డిక్కీలో వేయించుకుని రండి.