తెల్లగీత పక్కన పరుగు

నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన ఓ అమ్మాయి కోజికోడ్, జాగ్రెబ్, కోల్‌కతాల్లో ఫుట్‌బాల్ ఆడింది. దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణి అనిపించుకుంది. సొంతగడ్డ మీద మాత్రం ఆడేందుకు ఆమెకో పెద్ద జట్టు లేదు!

ఆదివారం సాయంత్రం మైపాడు తీరానికి వెళ్తే ఇసుకలో ఆడుకునే పిల్లలు కనిపిస్తారు. ఎక్కువ మంది చేతుల్లో క్రికెట్ బ్యాట్లే. బంతిని కాలితో తన్నే గుంపు ఎక్కడో ఒకటీ అరా ఉంటుంది. నాలుగు చెప్పులు పెడితే రెండు గోల్‌పోస్టులు తయారు. ఒక పక్క సరిహద్దు గీత గీయాల్సిన పనే లేదు. సముద్రమే గీత. బంతి నీళ్లలో పడిందా, అవతలి జట్టుదే!

ఆ నీటి అంచు వెంబడే బంతిని లాక్కుంటూ, ఎదురొచ్చిన వాణ్ని తప్పించి, మధ్యలో ఉన్న స్నేహితుడికి అందించేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. తాను చేస్తున్న పనికి ఫుట్‌బాల్‌లో ఓ పేరుందని వాడికి తెలియకపోవచ్చు. దాన్ని వింగర్ అంటారు.

అదే పనిని జీవనోపాధిగా మలచుకున్న తెలుగు నేల అమ్మాయి ఒకరున్నారు. ఆమె పెరిగిన చోట సముద్రం లేదు. అది గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టే జిల్లా, నిజామాబాద్. అమ్మాయి పేరు గుగులోత్ సౌమ్య.

పరుగు పందెం నుంచి...

సౌమ్య 2001లో పుట్టింది. లంబాడా కుటుంబం. ఇంట్లో వాళ్లది వ్యవసాయం. చిన్నప్పుడు ఆమెకు తెలిసిన ఆట పరుగే. స్కూలు పోటీల్లో పరుగెత్తుతుంటే ఆ వేగం ఓ ఫుట్‌బాల్ కోచ్ కంట్లో పడింది. ‘ఈ కాళ్లకు బంతి కూడా తోడైతే...’ అనుకున్నాడాయన. అలా ఆమె దారి మళ్లింది.

నిజామాబాద్ గడ్డకు ఇలాంటి అమ్మాయిలు కొత్తేమీ కాదు. బాక్సింగ్‌లో 2022, 2023ల్లో వరుసగా ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన నిఖత్ జరీన్‌ది ఆ ఊరే. భారత హాకీ జట్టుకు ఆడిన యెండల సౌందర్యదీ అక్కడే. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ సొంతూరు పాకాల కూడా అప్పటి నిజామాబాద్ జిల్లాలోదే. పేదరికమో, అమ్మాయన్న మాటో అడ్డొచ్చినప్పుడల్లా అక్కడి తల్లిదండ్రులు చూపించుకోవడానికి ఒక పేరు ఉంటూ వచ్చింది.

అయితే బాక్సింగ్, పర్వతారోహణ ఒంటరి పోరాటాలు. ఫుట్‌బాల్ అలా కాదు. ఎంత బాగా ఆడినా పక్కన పదిమంది ఉండాలి. ఎదుట ఓ జట్టుండాలి. ఏటా జరిగే లీగ్ ఉండాలి. సౌమ్య ప్రయాణంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అంచున ఉండేవాళ్ల కష్టం

వింగర్ అంటే ఎవరు? పెద్ద మ్యాచ్‌లకు వాడే మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. పొడవునా రెండు పక్కలా తెల్లగీతలుంటాయి. ఆ గీతను ఆనుకుని ఆడేవాళ్లే వింగర్లు. ఆటంతా మధ్యలో జరుగుతుంటే వీళ్లు అంచున కాచుకుని ఉంటారు. దాంతో అవతలి జట్టు రక్షకులు వీళ్ల కోసం కొంత పక్కకు జరగక తప్పదు. వాళ్లు జరిగిన మేరకు మధ్యలో మనవాళ్లకు చోటు దొరుకుతుంది. అంటే బంతి కాలి దగ్గర లేనప్పుడు కూడా వింగర్ పని చేస్తూనే ఉన్నట్టు!

బంతి అందాక రెండే దారులు. గీత వెంబడి చివరిదాకా దూసుకెళ్లి గోల్ ముందుకు బంతిని ఎత్తి పంపడం ఒకటి. ఉన్నట్టుండి లోపలికి తిరిగి తానే గోల్‌కి కొట్టడం రెండోది. ఏది చేస్తుందో ఎదుటివాళ్లకు ఆఖరి క్షణం దాకా తెలియకూడదు. పొరపాటున బంతి పోయిందంటే, అంత దూరమూ వెనక్కి పరుగెత్తి సొంత గోల్‌ను కాచుకోవాలి. తొంభై నిమిషాలూ ఇదే వరస. వేగం ఒక్కటే ఉంటే సరిపోదు. మళ్లీ మళ్లీ పరుగెత్తే దమ్ముండాలి. పరుగు పందేల నుంచి వచ్చిన అమ్మాయికి ఈ చోటు అతికినట్టు సరిపోయింది.

వయసుల వారీ జాతీయ జట్లలో ఆడాక, 2021లో సీనియర్ జట్టు తలుపు తెరుచుకుంది. తెలంగాణ నుంచి భారత సీనియర్ మహిళల జట్టుకు ఆడిన తొలి అమ్మాయిగా సౌమ్య పేరు తెచ్చుకుంది. 2022 సెప్టెంబరులో ఖాట్మండూలో దక్షిణాసియా మహిళల టోర్నీ జరిగింది. తొలి మ్యాచ్ పాకిస్థాన్‌తో. రెండు గోల్స్ ఆధిక్యంతో మ్యాచ్ ముగుస్తుండగా, అదనపు సమయంలో మూడో గోల్ కొట్టింది సౌమ్య. 3-0! ఆ ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. సెమీఫైనల్లో నేపాల్ చేతిలో 0-1తో జట్టు ఓడిపోయింది. ఆ టోర్నీలో భారత్ ఫైనల్ చేరకపోవడం అదే మొదటిసారి.

చలిదేశానికి ప్రయాణం

అదే ఏడాది ఆమె జీవితంలో మరో మలుపు. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లోని డైనమో మహిళల జట్టు ఇద్దరు భారతీయులను తీసుకుంది. ఒకరు మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్. రెండోవారు సౌమ్య.

మన అమ్మాయిలు విదేశాల్లో ఆడటం అప్పటికి ఇంకా వేళ్లమీద లెక్కపెట్టే సంగతే. 2015లో గోల్‌కీపర్ అదితి చౌహాన్ ఇంగ్లండ్‌లోని వెస్ట్‌హామ్‌కు, 2020లో మణిపూర్‌కు చెందిన బాలాదేవి స్కాట్లాండ్‌లోని రేంజర్స్‌కు ఆడారు. 2022లో మనీషా కల్యాణ్ సైప్రస్ వెళ్లింది. ఆ చిన్న జాబితాలో ఓ తండా పేరు చేరడమంటే మాటలా!

భాష రాదు. తిండి వేరు. చలి వేరు. అయినా క్రీడాకారులకు విదేశీ లీగ్ ఒక బడి లాంటిది. రోజూ తనకంటే ఒడ్డూ పొడుగూ ఉన్న వాళ్లతో సాధన చేయాలి. బంతి కాలికి తగిలేలోపే తర్వాత ఏం చేయాలో తేల్చుకోవాలి. ఆలస్యమైతే బంతి ఉండదు.

ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో తుర్కియేలో జరిగిన టోర్నీలో భారత జట్టు ఈస్టోనియాను 4-3తో ఓడించింది. సీనియర్ మహిళల జట్టు ఓ ఐరోపా దేశ జట్టుపై గెలవడం అదే తొలిసారి. తర్వాతి మ్యాచ్‌లో హాంకాంగ్‌పై 2-0తో గెలుపు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి సౌమ్యది. చివరికి జట్టు రన్నరప్‌గా తిరిగొచ్చింది.

అరవై ఏడో నిమిషం

దేశంలో సౌమ్య కేరళలోని కోజికోడ్‌కు చెందిన గోకులం కేరళ జట్టుకు ఆడింది. ఆ తర్వాత కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. 2025 ఏప్రిల్. ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఈస్ట్ బెంగాల్‌కు ఇంకొక్క గెలుపు చాలు, టైటిల్ వచ్చేస్తుంది. ఎదురుగా ఉన్నది అంతకుముందు ఏడాది విజేత ఒడిశా. ఎంతసేపటికీ గోల్ పడలేదు. 67వ నిమిషంలో సౌమ్య కొట్టిన బంతి వలలో పడింది. 1-0. లీగ్ ఈస్ట్ బెంగాల్‌ది! 2004లో పురుషుల జట్టు నేషనల్ లీగ్ గెలిచాక, జాతీయ స్థాయి లీగ్ మళ్లీ ఆ క్లబ్‌కు దక్కింది అప్పుడే. ఆ ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా సౌమ్యనే వరించింది.

కొద్దివారాలకే థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఆసియా కప్ అర్హత పోటీలు మొదలయ్యాయి. మంగోలియాపై భారత్ 13-0తో గెలిచిన మ్యాచ్‌లో సౌమ్య రెండు గోల్స్ కొట్టింది. టోర్నీ మధ్యలో గాయం ఆమెను వెనక్కి లాగింది. జట్టు మాత్రం ఆగలేదు. ఆఖరి మ్యాచ్‌లో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, 2026లో ఆస్ట్రేలియాలో ఆసియా కప్ ఆడే అర్హత సంపాదించింది. అర్హత పోటీలు ఆడి ఆ టోర్నీకి వెళ్లడం భారత మహిళలకు అదే మొదటిసారి.

అదే జెర్సీ, అదే దారి

ఈస్ట్ బెంగాల్ ఎరుపు, పసుపు జెర్సీ తెలుగు నేలకు కొత్త కాదు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఆ క్లబ్‌లో చేరారు. ఆయన కూడా ఎడమ అంచున మెరుపులా కదిలే ఆటగాడే. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం... ఆ ముగ్గురి పేర్లూ కలిపే చెప్పుకొనేవాళ్లు. అనారోగ్యం వల్ల 1963లోనే ఆట మానుకోవాల్సి వచ్చింది. 2023లో కన్నుమూశారు.

బలరాం వెళ్లేనాటికి హైదరాబాద్ ఫుట్‌బాల్ దేశానికే పాఠశాల. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టుకు కోచ్ హైదరాబాద్‌కు చెందిన రహీమే. అంటే ఇంట్లో ఎదిగి, పేరొచ్చాక బలరాం బయటికెళ్లారు. సౌమ్య సంగతి అలా కాదు. ఎదగడానికే ఇల్లు దాటాల్సి వచ్చింది.

ఎనిమిదిలో మనది ఒక్కటీ లేదు

2024-25 మహిళల లీగ్‌లో ఎనిమిది జట్లు ఆడాయి. తమిళనాడుది ఉంది, కేరళది ఉంది, కర్ణాటకది ఉంది, ఒడిశాది ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఒక్కటీ లేదు. పురుషుల్లోనూ పరిస్థితి గొప్పగా లేదు. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

ఇంకో లెక్క చూడండి. ఎనిమిది జట్లు ఒక్కోదాంతో రెండేసిసార్లు ఆడితే ఒక్కో జట్టుకు వచ్చేవి 14 మ్యాచ్‌లు. ఏడాదంతా సాధన చేసే అమ్మాయికి దేశవాళీ పెద్ద లీగ్‌లో దొరికేది ఆ పద్నాలుగే! మిగతా నెలలు శిబిరాలు, చిన్న టోర్నీలు, ఎదురుచూపులు.

జీతాల మాట? ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని 2023లో సమాఖ్య నిబంధన పెట్టింది. నెలకు లెక్కేస్తే 27 వేలకు కాస్త తక్కువ. అంతకుముందు ఆ పాటి భరోసా కూడా లేదు. అయినా ఒప్పందాలు చాలావరకు ఒకటి రెండు సీజన్లకే. మోకాలికి ఒక్క గట్టి దెబ్బ తగిలితే లెక్కలన్నీ తారుమారవుతాయి. అందుకే ఆటలో ఉన్న అమ్మాయిలు డిగ్రీని వదులుకోకూడదు. రైల్వే లాంటి సంస్థల్లో క్రీడాకారుల కోటా ఉద్యోగాలున్నాయి. చదువు చేతిలో ఉంటే ఆ తలుపు కూడా తట్టొచ్చు.

పాలెంలో ఓ ఆడపిల్ల

మళ్లీ మైపాడు తీరానికే వద్దాం. తీరం పొడవునా పట్టపుపాలేలు. పొద్దున వలలు లాగే చేతులు, ఇసుకలో నడిచి నడిచి గట్టిపడ్డ కాళ్లు. అక్కడ ఆడే పిల్లల్లోనూ వేగం ఉన్నవాళ్లుంటారు. వాళ్లను చూసి ‘ఈ కాళ్లకు బంతి తోడైతే...’ అనుకునే కళ్లు కావాలి. ఆ కళ్లు స్కూల్లో పీఈటీ సారువి కావచ్చు, అమ్మానాన్నలవి కావచ్చు.

మొదటి మెట్టు స్కూల్ గేమ్స్. తర్వాత జిల్లా, రాష్ట్ర జట్లు. అక్కడి నుంచి జూనియర్ జాతీయ పోటీలు. పెద్ద క్లబ్బుల కళ్లు పడేది అక్కడే. రాయలసీమలో అనంతపూర్ స్పోర్ట్స్ అకాడమీ ఏళ్లుగా పల్లె పిల్లలకు, ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చింది. పల్లెల్లో అమ్మాయిలు ఆడరన్న మాట అక్కడ ఎప్పుడో చెరిగిపోయింది.

అంచున నిలబడినవాళ్లకు బంతి ఆలస్యంగానే అందుతుంది. ఒక్కోసారి అసలు అందదు. అయినా వింగర్ తన చోటు వదిలి రాదు. బంతి వస్తుందని నమ్మి గీత పక్కనే సిద్ధంగా ఉంటుంది. తండాలో మొదలుపెట్టిన సౌమ్య చేసింది అదే. ఆమె దగ్గరికి బంతి వచ్చింది.

పాలెంలో పరుగెత్తే ఆడపిల్ల దగ్గరికి ఆ బంతిని పంపాల్సింది మాత్రం ఆమె కాదు. మనం.