నాడుల తొడుగు - కంచె మేసిన చేను

సత్యవేటి సీమలోని పెద్దలను కుక్కకాటు మందును గూర్చి అడిగినచో, బొడ్డుచుట్టును వేసిన పదునాలుగు సూదులను తలచుకొందురు. ఈ ప్రాంతము 1960 వరకు మదరాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లాలో నుండెను. నాడు దక్షిణదేశమున ఆ మందు కూనూరి పాస్చరు సంస్థలో గొఱ్ఱెమెదడునుండి తయారయ్యెడిది. 1911లో కసౌలీయందు సెంపుల్ దొర కనిపెట్టిన పద్ధతి యది. ఎందఱి ప్రాణములనో నిలిపినది. కాని యెవరో కొందఱికి మాత్రము, సూదులు పడిన కొన్నాళ్లకు, కాళ్లు చచ్చుపడెడివి.

ఇందులకు కారణమేమి? 1930 తరువాత అమెరికాలో టామస్ రివర్స్ అను వైద్యుడు కోతులకు రోగక్రిమి లేని మెదడుపదార్థమునే పలుమాఱు లెక్కించి చూచెను. వానికిని నాడీమండలమున వాపు పుట్టెను. దోషము క్రిమిది కాదని, మెదడుపదార్థమును పగయని యెంచిన దేహరక్షణశక్తిదే యని దీనివలన తేలినది. కంచెయే చేను మేసినదన్నమాట.

మెదడులోను వెన్నుపాములోను నాడీతంతువులకు మైలిన్ అను కొవ్వుతొడుగు పొరలుపొరలుగా చుట్టుకొని యుండును. విద్యుత్తీగకు రబ్బరు తొడుగెట్టిదో ఇదియు నట్టిది. ఇది చెడినచో వార్త నడువదు. ఈ తొడుగులోని మాంసకృత్తులు పెక్కు. వానిలో 'మాగ్' అనునది నూటికొక వంతైనను లేదు. అయినను దాని నెలవు విశేషమైనది. తక్కినవి పెక్కు లోపొరలలో దాగియుండగా, ఇది వెలిపొరలో నాటుకొని తల బయటికి పెట్టి నిలుచును. అందుచేతనే రక్తమునుండి వచ్చిన ప్రతిరక్షకములు దీనిని సులభముగా పట్టుకొనగలవు. ఈ మాంసకృత్తు తునకను ఉత్తేజకద్రవ్యముతో కలిపి ఎక్కించినచో ఎలుకలకు పక్షవాతము వచ్చును.

ఏ మెదడుమందును వాడకున్నను కొందఱి దేహములలో ఈ పొరపాటు తనంతటనే జరుగుచుండును. పిల్లలకును రావచ్చును. కంటిలో నొప్పి, ఉన్నట్టుండి చూపు మందగించుట, కాళ్లు పట్టుదప్పుట, మూత్రము బిగియుట దీని గుఱుతులు. మాగ్‌పై ప్రతిరక్షకము లున్నవో లేవో నేడు రక్తపరీక్షచే తెలియును. మల్టిపుల్ స్క్లిరోసిస్ అను వ్యాధి దీనిని పోలియున్నను, దాని మందులన్నియు దీనికి పనికిరావు. కనుక ఈ పరీక్ష ముఖ్యము. స్టీరాయిడు మందును వెంటనే నరమునకెక్కించినచో పలువురు కోలుకొందురు. జాగు చేసినచో చూపు మరల రాకపోవచ్చును.

ఇక కుక్కకాటు మాట. గొఱ్ఱెమెదడు మందు తయారీని మన దేశమున 2004లో మానిపించిరి. నేటి మందును కణములలో పెంచెదరు. అందు మెదడుపదార్థము లేదు. పెద్దలకు భుజమునకే వేయుదురు. కావున తాతలనాటి భయముచేత నేటి బిడ్డకు సూది తప్పింపరాదు. కాటును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి కొనిపోవలయును. రేబిస్ పైకొన్న పిమ్మట వైద్యుడు చేయగలిగినది లేదనుట మఱువరాదు.