ఎనిమిదో తరగతిలోనే తేలే సొంత రాష్ట్రం

పార్లమెంటు సమావేశాలు ముగిసిన వారం రాజధానిలో విలేఖరికి చెప్పుకోదగిన పని ఉండదు. ఆ తీరికలో రాయపూర్ వెళ్ళివచ్చాను. ఛత్తీస్‌గఢ్ రాజకీయాల కోసమే వెళ్ళాను గాని, ఈ వారం రాస్తున్నది వాటి గురించి కాదు.

స్టేషనుకు సమీపాన ఒక తెలుగు రైల్వే ఉద్యోగి ఇంట భోజనం చేశాను. ఆయన తాతగారిది విజయనగరం ప్రాంతం. 1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గం పూర్తయిన నాటి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ దిక్కుకు వస్తూనే ఉన్నాయి. భిలాయి ఉక్కు కర్మాగారం మరికొందరిని రప్పించింది. వడ్డన సాగుతుండగా గృహస్థు అడిగాడు: "ఢిల్లీలో ఉంటారు గదా సార్, మీకు తెలిసే ఉంటుంది. మావాడు ఎనిమిది పాసయ్యాడు. పది కాగానే ఇంటరుకి విజయవాడ పంపమంటాడు మా బావమరిది. పంపితే వీడు ఆంధ్రావాడవుతాడా, ఇక్కడివాడుగానే ఉంటాడా?"

నవ్వబోయి ఆగిపోయాను. ముప్ఫై ఏళ్ళుగా చట్టసభల వార్తలు రాస్తున్న నాకు, వెంటనే చెప్పగల సమాధానం లేకపోయింది. ఆ రాత్రి బసలో కూర్చుని నిబంధనలు తిరగవేశాను.

రాయపూర్‌లో గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. 1956లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గనులు, లోహశాస్త్ర కళాశాలగా శంకుస్థాపన చేసినది అదే. 2005లో ఎన్.ఐ.టి. అయింది. ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి, సగం ఇతర రాష్ట్రాలవారివి. అయితే ఈ సొంత రాష్ట్రమనేది పుట్టుకను బట్టి, మాతృభాషను బట్టి, తండ్రి ఉద్యోగాన్ని బట్టి నిర్ణయమయ్యేది కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణుడైతే అదే. కుర్రవాడు రాయపూర్‌లో చదివితే ఇంటి పక్కనున్న కళాశాలలో సగం సీట్లకు హక్కుదారు. విజయవాడలో ఇంటరు పూర్తిచేస్తే ఆ హక్కు పోయి, 2015లో తాడేపల్లిగూడెంలో వెలసిన ఎన్.ఐ.టి.లో వస్తుంది. హైదరాబాదు పంపితే వరంగల్.

ఇంతవరకు లెక్క సరిపోయింది. చిక్కు ఆంధ్రప్రదేశ్ కళాశాలల దగ్గర వచ్చింది. 1973లో పార్లమెంటు 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణాన్ని చేర్చింది. మరుసటి ఏడాది వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు ప్రత్యేకించింది. స్థానికుడంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగు విద్యాసంవత్సరాలు వరుసగా ఆ ప్రాంతంలో చదివినవాడు. నాలుగేళ్ళంటే ఇంటరు రెండేళ్ళు కాదు, తొమ్మిది, పది తరగతులు కూడా. పది తరువాత బయలుదేరిన పిల్లవాడు రాయపూర్ ఎన్.ఐ.టి.లో సొంత రాష్ట్రం వాడు కాడు, విజయవాడలో స్థానికుడూ కాడు. బావమరిది సలహా సదుద్దేశంతో ఇచ్చినదే, కాని రెండేళ్ళు ఆలస్యమైన సలహా. నిర్ణయం చేయవలసినది పది తరువాత కాదు, ఎనిమిది తరువాత. అనగా ఈ వేసవిలోనే.

మిగిలిన 15 శాతంలో ఒక సందు ఉన్నది. తల్లి గాని తండ్రి గాని మొత్తం మీద పదేళ్ళు రాష్ట్రంలో నివసించి ఉంటే వారి పిల్లలు దానికి పోటీపడవచ్చు. ఆ ఇల్లాలు పుట్టి పెరిగింది బొబ్బిలిలో. ఆమె బాల్యం కొడుకు సీటుకు ఆధారపత్రం అవుతుందని మరునాడు చెబితే ఆమె మొదట నమ్మలేదు.

వైద్యవిద్య సంగతి వేరు. నీట్ పరీక్ష దేశానికంతటికీ ఒకటే, 2020 నుంచి ఎయిమ్స్ ప్రవేశాలూ దాని మీదనే. రాయపూర్ ఎయిమ్స్‌లో ఏ రాష్ట్రం వాడైనా సమానమే. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మాత్రం 15 శాతం అఖిల భారత కోటా పోగా తక్కినవి రాష్ట్రానివి. 2024 జూన్‌లో నీట్ ప్రశ్నపత్రం వెల్లడి మీద ఉభయ సభలూ దద్దరిల్లాయి. గాలరీలో కూర్చుని అదంతా విన్నాను. వలస వెళ్ళిన కుటుంబాల పిల్లలు ఏ రాష్ట్రం వారన్న ప్రశ్న ఆ గందరగోళంలో నా చెవిని పడలేదు.

కుల ధ్రువపత్రం విషయంలో దెబ్బ ఇంకా గట్టిది. తెనాలిలో పుట్టి, ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో ఉద్యోగి అయిన తండ్రి వెంట చిన్నతనంలోనే బొంబాయి చేరిన తెలుగు విద్యార్థికి అక్కడి వైద్య కళాశాలల్లో గిరిజన కోటా సీటు దక్కలేదు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆంధ్రలో గిరిజనుడైనంత మాత్రాన మహారాష్ట్రలో కాజాలడని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. రాయపూర్‌లోని తెలుగు దళిత కుటుంబాలు నేటికీ ఆ తీర్పు నీడలోనే దరఖాస్తులు నింపుతున్నాయి.

నా రోజుల్లో ఇవేవీ లేవు. గుమాస్తా చేతికి ఒక కాగితం ఇస్తే, మిగిలిన సీటు ఏదో చూసి రాశాడు. నేను ఆంగ్ల సాహిత్యం చదవడానికి కారణం అంతకంటె గొప్పదేమీ కాదు.

మరునాడు తండ్రికి మరి రెండు మాటలు చెప్పాను. ఎన్.ఐ.టి.కి ప్రవేశపరీక్ష ర్యాంకు ఒక్కటే చాలదు. పన్నెండులో 75 శాతం మార్కులైనా రావాలి, బోర్డులో పై 20 పర్సెంటైల్‌లోనైనా ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 65 శాతం. కోవిడ్ ఏళ్ళలో సడలించిన ఈ నిబంధన 2023లో తిరిగి వచ్చింది. ప్రవేశపరీక్షల శిక్షణలో పడి బడి చదువును వదిలేసే పిల్లలు ఇక్కడే జారిపోతారు. రెండోది పేరు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, హిందీ గుమాస్తా వెనక రాస్తాడు. ఈ పిల్లవాడికి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, బడి రికార్డులో పూర్తిగా, అదీ చివర. పదో తరగతి పత్రం అచ్చయ్యేలోగా రెండూ ఒకటి చేయించమన్నాను.

"పంపేద్దామా మరి?" అని భార్యను అడిగాడాయన. ఆమె జవాబు చెప్పలేదు. పదమూడేళ్ళ పిల్లవాణ్ణి హాస్టలులో వేయడమంటే ఏ తల్లి అవునంటుంది? ఆ రోజు నిర్ణయమేమీ జరగలేదు.

పిల్లవాడు నన్ను సాగనంపడానికి స్టేషనుకు వచ్చాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవడం రాదు. నేను రాసేది ఏ పత్రికలో వస్తుందని అడిగి, అమ్మ చేత చదివించుకుంటానన్నాడు.