సెట్టింగులు వచ్చాయి, మాడ్యూల్ ఏది?

డ్రూపల్‌తో కట్టిన వెబ్‌సైటు సెట్టింగులను యామిల్ ఫైళ్లుగా బయటికి తీసి, అదే సైటు మరో కాపీలో ఇంపోర్ట్ చేయవచ్చు. 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి ఈ వసతి ఉంది. పూర్వ విద్యార్థుల చిరునామాల కోసం సర్వరులోని సైటుకు ‘అడ్రస్’ మాడ్యూల్ చేర్చామనుకుందాం. ఆ ఫైళ్లను ల్యాబ్‌లోని కాపీలోకి తెస్తే, అడ్రస్ మాడ్యూల్ లేదంటూ ఇంపోర్ట్ ఆగిపోతుంది.

ఫైళ్లలో సెట్టింగులే ఉంటాయి, మాడ్యూల్ కోడ్ ఉండదు. వంట రాసిన చీటీతో పాటు పప్పూ ఉప్పూ రావు కదా! ఏ మాడ్యూళ్లు ఉండాలో ‘కోర్.ఎక్స్‌టెన్షన్’ ఫైలు చెబుతుంది. డ్రూపల్ ఏదీ మార్చకముందే దాన్ని సరిచూసుకుంటుంది. ఒక్క మాడ్యూల్ లేకపోయినా మొత్తం ఇంపోర్టును ఆపేస్తుంది.

ఇక్కడ చేతులు దురదపెడతాయి. ఆ ఫైలులో అడ్రస్ ఉన్న వరుస చెరిపేస్తే పోలా అనిపిస్తుంది. చెరిపితే, అడ్రస్ మీద ఆధారపడిన ఫీల్డు సెట్టింగులు మళ్లీ అడ్డుపడతాయి. వాటినీ తీసేస్తే ల్యాబ్‌లో ఇంపోర్ట్ అవుతుంది. కానీ ఆ ఫైళ్లే తిరిగి సర్వరుకు వెళ్తే అక్కడి ఫీల్డు పోతుంది, దానితో పాటే పూర్వ విద్యార్థుల చిరునామాలన్నీ పోతాయి. బ్యాకప్ లేకపోతే అంతే.

సరైన దారి కంపోజర్. మాడ్యూలును ‘కంపోజర్ రిక్వైర్’ ఆదేశంతో చేరిస్తే, దాని పేరు కంపోజర్.జేసన్‌లో, కచ్చితమైన వెర్షన్ కంపోజర్.లాక్‌లో నమోదవుతాయి. ఆ రెండు ఫైళ్లనూ సెట్టింగులతో కలిపే పంపాలి. అందుకున్న చోట ముందు ‘కంపోజర్ ఇన్‌స్టాల్’, తర్వాత డేటాబేస్ అప్‌డేట్లు, ఆ పైనే ఇంపోర్ట్.

మాడ్యూల్ వద్దనుకున్నప్పుడు వరుస తిరగబడుతుంది: ముందు అన్ని కాపీల్లో అన్‌ఇన్‌స్టాల్, ఆ తర్వాతే కోడ్ తొలగింపు.