మేకాంగ్ ఒడ్డున పరదేశుల కాపురము

బాంకాకులో రాత్రి బయలుదేరిన రైలు ఈశాన్యదిశగా 600 కిలోమీటర్లకు పైగా నడచి తెల్లవారునప్పటికి నోంగ్ ఖాయ్ చేరును. ఆవలి ఒడ్డున లావోస్ దేశము, ఈవలి ఒడ్డున ఈ చిన్న పట్టణము, నడుమ మేకాంగ్ మహానది. ఆస్ట్రేలియా ధనసహాయముతో నిర్మితమై 1994 ఏప్రిలులో తెఱువబడిన మైత్రీసేతువు రెండు దేశములను కలుపుచున్నది. నదీతీరమున సాగు నడకబాట, దాని పొడవున వియత్నాము వంటకములమ్ము భోజనశాలలు, ఊరివెలుపల బున్‌లువా సులీలత్ అను సాధకుడు 1978లో ఆరంభించి సిమెంటుతో నిలిపిన బుద్ధ శివ నాగమూర్తుల వనము, ఇవి యాత్రికుడు రెండు దినములలో చూచి పోదగినవి. వాని కంటబడియు వాడు పరికింపనిది మఱియొకటి కలదు: తల నెరసి, మోకాలి లాగులు తొడిగి, ప్రతిదినము ఒకే బల్లకడ ఒకే కుర్చీలో కాఫీ త్రాగుచు కూర్చుండు తెల్లవారి సంఘము. థాయివారు వీరిని ఫరాంగులందురు. వీరు యాత్రికులు కారు, పౌరులును కారు. పదేండ్లనుండి కొందఱు, ఇరువదేండ్లనుండి కొందఱు ఇచట కాపురముండి, ఏటికొకమారు అనుమతి పొంది మఱియొక యేడు గడుపుచున్నారు.

వీరిచటికెట్లు చేరిరి? దక్షిణమున 50 కిలోమీటర్లకు మించిన దూరమున నున్న ఉదోన్ థానీలో వియత్నాము యుద్ధకాలమున అమెరికా విమానదళమునకు పెద్ద స్థావరముండెను. యుద్ధము ముగిసి 1976 నాటికి ఆ సేనలు వెడలిపోయినను, యౌవనమున ఆ ప్రాంతమును చూచినవారిలో కొందఱు వార్ధక్యమున తిరిగి వచ్చిరి. వారి వెనుక ఇంగ్లండు ప్లంబర్లును లారీడ్రైవర్లును, జర్మనీ కర్మాగారములలో యంత్రములు నడపినవారును, సముద్రపు చమురుబావులపై పనిచేసిన నార్వేవారును వచ్చిరి. ప్రవాసి యనగా గల్ఫునకో అమెరికాకో గడించుటకు పోవువాడని మనకు తెలియును. ఈతడు అందులకు విపరీతముగా, గడించినదానిని ఖర్చుపెట్టుటకు వచ్చినవాడు. 2001లో మోడరన్ మెచ్యూరిటీ అను అమెరికా పత్రిక విశ్రాంతజీవనమునకు అనువైన ప్రపంచపు ఊళ్లలో నోంగ్ ఖాయ్‌ని చేర్చి ప్రకటించుటతో, పటములో వెదకినగాని కనబడని యీ యూరిపేరు దూరదేశములకు ప్రాకినది.

చౌక యొక్కటియే వీరిని తెచ్చినదనుట మాత్రము సత్యమునకు దూరము. చౌక ఊళ్లు లోకమున అనేకములు గలవు. ఇచటికి తెచ్చినదియు, ఇచట నిలిపినదియు చాలమందికి వివాహము. ఈసాన్ అనబడు ఈ యీశాన్యప్రాంతము వాననమ్మి వరి వేయు బీదనేల. ఇచటి స్త్రీలు పనికై బాంకాకునకో, సముద్రతీరపు విహారనగరములకో పోయి, అచట పరిచయమైన పరదేశిని పెండ్లాడి, వానిని వెంటబెట్టుకొని పుట్టినయూరికి వత్తురు. పెండ్లియైన పిదప వరుడు వధువుగారింట వసించుటయు, కడగొట్టు కూతురు తలిదండ్రులను పోషించి ఆ యింటిని పొందుటయు ఈసాన్‌లో పూర్వాచారము. కాబట్టి యీ పరదేశి, తానెఱిగినను ఎఱుగకున్నను, ఇల్లరికపుటల్లుడు. ఆ పదవిలోని సుఖమును ముల్లును తెలుగు పాఠకునికి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. పండుగనాడు పీట ముందుగా వేయుదురు. ఇంటి సంగతులు మాత్రము అందఱికన్న వెనుక తెలియును. అత్తగారి మందులు, బావమఱది మోటారుసైకిలు వాయిదాలు, మఱదలి పిల్లల బడిఫీజులు ఒకటొకటిగా ఆతని దోసిటికే వచ్చును. ఆతడు వానిని మోసమనుకొనును, ఇంటివారు ధర్మమనుకొందురు, ఇరువురును తమ తమ దేశాచారమును బట్టి న్యాయమే తలచుచున్నారు.

భూమి మాట వచ్చినచో ఆ ముల్లు మఱింత నాటును. థాయి చట్టము సాధారణముగా విదేశీయునికి నేలపై స్వామ్యము నీయదు. భార్యపేర స్థలము కొన్నప్పుడు, ఈ ధనము ఆమె సొంతధనమేగాని తనది కాదని భర్త భూమికచేరిలో సంతకము చేయవలెను. తన జన్మమంతయు కూడబెట్టిన సొమ్ముతో లేచిన యింటిలో 30 ఏండ్ల కౌలుదారుగనో, బ్రతికినన్నాళ్ల అనుభవహక్కు గలవానిగనో కాగితము వ్రాయించుకొన్నవాడు జాగరూకుడు. అదియు వ్రాయించుకొననివాడు ఆ యింట అతిథి.

ఇట్టివారు ఒకచోట చేరుటకు నోంగ్ ఖాయ్ వంటి యూరిలో సభాభవనములు లేవు. వారిలో ఒకని భార్య నడపు భోజనశాలయే వారి రచ్చబండ. లైసెన్సు ఆమె పేర నుండును. వంట ఆమెది, లెక్క ఆమెది. భర్త గల్లాపెట్టె దరికి పోడు, పోరాదు. ప్రత్యేకమైన అనుమతిపత్రము లేని విదేశీయుడు కూలి పుచ్చుకొనక చేసిన పనియు చట్టదృష్టిలో పనిగా నెంచబడవచ్చును గనుక, సొంత భార్య దుకాణమున ఇతరునికొక బీరుసీసా మూత తీసి యిచ్చినను తంటా రావచ్చును. అందుచేత ఆతడు గిరాకీవలె బల్లకీవల కూర్చుండి, మూలనున్న బల్లకు రెండు సీసాలని భార్యకు చెప్పును. ఆమె తన చేతిపని ముగించుకొని తీరికగా తెచ్చియిచ్చును. గోడ కానుకొని యొక పుస్తకముల అర యుండును. అందులో అట్టలు వాడిన డిటెక్టివు నవలలు, ఒకటి పెట్టి యొకటి తీసికొనవచ్చును. ఆదివారము మధ్యాహ్నము ఎండ మండుచుండగా, చలిదేశపు భోజనమైన కాల్చిన మాంసమును బంగాళాదుంపలను చిక్కని పులుసుతో వడ్డింతురు, దానిని వీరు చెమటలు క్రక్కుచు భక్తితో భుజింతురు. అదే సమయమున భార్యలు మఱియొక బల్లచుట్టు చేరి, పచ్చి బొప్పాయికోరును మిరపకాయలతో చేపరసముతో రోటిలో దంచిన సోమ్ తమ్‌ను, జిగటబియ్యపు అన్నపు ముద్దలతో అద్దుకొని తినుచు పకపక నవ్వుచుందురు. ఒక కప్పు క్రింద రెండు బల్లలు, రెండు భాషలు. ఆ నవ్వులో తమ ప్రసక్తి యెంత గలదో ఈ బల్లవారికి తెలియదు.

ఈ బల్లవారి సంభాషణకు వీసాయే ఆదియు అంతమును. 50 ఏండ్లు నిండిన విశ్రాంతుడు సంవత్సరమునకొకమారు గడువు పొడిగించుకొనుటకు థాయి బ్యాంకులో 8,00,000 బాత్‌ల నిలువ గాని, నెలకు 65,000 బాత్‌ల ఆదాయము గాని చూపవలెను. థాయి స్త్రీకి భర్తయై ఆ మార్గమున కోరినచో అందులో సగమో సగమునకు కొంత మించియో, అనగా 4,00,000 నిలువ లేక నెలకు 40,000 చాలును. 90 దినములకొకమారు తాను ఫలానా యింటనే యున్నానని తెలుపుకొనవలెను. ఆ విదేశీయునికి ఆశ్రయమిచ్చిన గృహయజమాని 24 గంటలలో అధికారులకు తెలుపవలెనని 1979 నాటి చట్టము; ఆ యజమానురాలు ఆతని భార్యయే యైనను తెలుపవలసినదే. 2018వ సంవత్సరాంతమున ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా రాయబార కార్యాలయములు తమ పౌరుల ఆదాయమును ధ్రువపఱచు పత్రముల నిచ్చుట మానినపుడు, ఈ బల్లలచుట్టు పుట్టిన కలవరము, మన యూళ్లలో రేషనుకార్డుల యేరివేత పుకారు పుట్టినప్పటి కలవరమువలె, ఇల్లిల్లు తిరిగినది. ఏ కాగితమునకెన్ని నకళ్లు, ఏ యధికారి యెప్పుడు ప్రసన్నుడు, ఏ బ్యాంకుపుస్తకమున ఏ పుట కావలయును అను విజ్ఞానమే ఇచట పాండిత్యము. అది గలవాని కాఫీకి ఇతరులు డబ్బిత్తురు.

వీసా మాట ముగిసినచో మారకపు రేటు. 2005 ప్రాంతమున ఇంగ్లండు పౌనునకు 70కి పైగా బాత్‌లు వచ్చుచుండెను. 2019 నాటికి 40కి దిగువకు పడెను. అంతటితో పోక, ఇంగ్లండు ప్రభుత్వము తన దేశమునను మఱికొన్ని దేశములందును నివసించు వృద్ధులకు ఏటేట పెంచు పెన్షనును థాయిలాండులో నుండువారికి పెంచదు. విదేశమున మొదట పొందిన మొత్తమే తుదివఱకు. ఆ 2005 ప్రాంతమున దొరగా వచ్చినవాడు, తానేమియు చేయకయే, నేడు లెక్కచూచుకొని బీరు త్రాగువాడైనాడు. క్రొత్తగా వచ్చినవాని యుత్సాహమునకును, పాతవాని చిఱచిఱకును కారణము స్వభావభేదమనుకొందురు. వారు వచ్చిన సంవత్సరములను కనుగొన్నచో సగము భేదము తేలిపోవును.

సాయంకాలమున బిలియర్డ్సు బల్ల, విసరుబాణములు, వారమునకొకమారు ప్రశ్నోత్తరముల పోటీ. ఈసాన్ ప్రజలు స్కైలాబ్ అని పిలుచు మూడు చక్రముల బండిలో ఇండ్లకు మరలుదురు. (1979లో నెత్తిన పడునను భయముతో మన పల్లెలవారు ఉన్న కోళ్లను కోసుకొని తినుటకు కారణమైన అంతరిక్షశాల స్కైలాబే ఆ బండికి పేరైనది.) నిరపాయకరములైన ఈ వినోదములును ఒక్కొక్కప్పుడు అపాయమునకు దారితీయును. సముద్రతీరపు పట్టాయా నగరమున 2016 ఫిబ్రవరిలో బ్రిడ్జి ఆడుచున్న 32 మంది విదేశీయులను పోలీసులు పట్టుకొనిపోయిరి. వారిలో 80 ఏండ్లు దాటిన వృద్ధురాలొకతె గలదు. పందెము కనబడలేదుగాని, అనుమతి లేక 120కి మించిన పేకముక్కలు ఉంచుకొనరాదని 1935 నాటి చట్టమొకటి బయటపడినది. జూదమాడి పోలీసులకు భయపడు మన పేకాటరాయుళ్లలో ఇంత ముసలివారు అరుదు.

కలహములును లేకపోలేదు. చిన్నయూరిలో నలువదిమంది పరదేశులున్నచో వారిలో మాటలాడుకొననివారు పదిమందియైన నుందురు. అప్పు తీర్పకపోవుట, భార్యలకు వచ్చిన మాటపట్టింపు, స్వదేశపు రాజకీయము, ఏదో యొకటి చాలును. రెండవ భోజనశాల వెలయును. అమెరికాలోని తెలుగుసంఘముల వంశవృక్షము నెఱిగినవారికి ఇందులో వింత కనబడదు.

ఈ బల్లకడ కనబడని పరదేశులు వేఱుగ నున్నారు. 1946 మార్చిలో లావోస్‌లోని థాఖెక్‌పై ఫ్రెంచిసేనలు విఱుచుకొని పడినపుడు వేలకొలది వియత్నామీయులు ప్రాణములరచేత బట్టుకొని మేకాంగ్ దాటిరి. నోంగ్ ఖాయ్‌తో సహా తీరపట్టణములలో నిలిచిన ఆ కుటుంబములపై దశాబ్దములపాటు సంచారనిర్బంధము లుండెను, సంతతికి గాని పౌరసత్వము లభింపలేదు. నేడు ఊరిపేరు నిలుపుచున్న వంటకము వారిదే: కాల్చిన మాంసపు ముద్దను ఆకుకూరలతో గూర్చి పలుచని బియ్యపుపొరలో చుట్టినది. బడులలో ఇంగ్లీషు చెప్పు ఫిలిప్పీను ఉపాధ్యాయినులు, థాయి పట్టణములలో తరములనుండి బట్టలకొట్లు నడపు పంజాబు సిక్కులు, గోరఖ్‌పూరు ప్రాంతమునుండి వచ్చి పల్లెపల్లెకు పల్లీలును దోమతెరలును అమ్ము మన ఉత్తరదేశీయులు, వీరందఱును పరదేశులే. అయినను వీరు వాడుక మాటలలో థాయి నేర్చిరి, నేర్వక జరుగదు గనుక. ఇరువదేండ్లుండియు బీరు తెమ్మనుటకు, బిల్లు తెమ్మనుటకు మించి మాట రాని ఫరాంగు, థాయివారు మనసు విప్పి మాటలాడరని విచారించును. ఈ విచారమును నేను గౌరవింపజాలను. థాయి నేర్చి, పల్లెలో కూరగాయలు పండించుకొనుచు, పొరుగువారితో విహారమునకు పోవు ఫరాంగులు లేకపోలేదు. వారు బల్లకడకు రారు గనుక, బల్లవారికి తామే లోకము.

భాష రానివానిని గూడ ఈసాన్ గ్రామము కలుపుకొను తీరొకటి చూడదగినది. రోగమునుండి లేచినపుడు, దూరప్రయాణమునకు ముందు, క్రొత్తయల్లుడు వచ్చినపుడు, అరటియాకులతో కట్టిన శిఖరమువంటి పళ్లెము నడుమ బెట్టి, ఊరిపెద్ద యొకడు మంత్రము చదివి, చెదరిన ప్రాణశక్తిని దేహమునకు పిలుచును. పిదప ముసలమ్మలొకరి వెనుకనొకరు వచ్చి, వాని మణికట్టునకు తెల్లని నూలుపోగు కట్టుచు, ముడి వేయునపుడు పెదవులతో ఆశీర్వాదము గొణుగుదురు. పోగులు మోచేతివఱకు ప్రాకును. మూడు దినములైన తెంపరాదు. మాటలు తెలియకున్నను ఆరడుగుల మనుష్యుడు తలవంచి కూర్చుండును.

మరణమున ఈ రెండు బల్లలును ఒకటియగును. పరదేశి చనిపోయినచో వాని రాయబార కార్యాలయము బంధువులకు వార్త తెలుపును, కాగితముల దారి చూపును, దహనవ్యయము భరింపదు. భార్యతరఫు గ్రామము మూడు రాత్రులో అయిదు రాత్రులో భిక్షువులచేత పారాయణము చేయించును. వచ్చినవారికెల్ల భోజనము పెట్టును. ఊరివారు తెల్లని కవరులలో తమకు తోచినంత సొమ్ము పెట్టి తెత్తురు. బిలియర్డ్సు బల్లవారు చందా పోగుచేయుదురు. పలుకరించుకొననివారును ఆనాడు ఒకే వరుసలో నిలిచి, పలుచని చెక్కపొరలతో చేసిన పువ్వును చితిపై నుంచుదురు. వీరి స్నేహమును నిందించువారు ఈ యొక్కదినమును చూడవలెను.

అయితే ఆ పిదప వచ్చునది బ్యాంకు. విశ్రాంతుని వీసాకొఱకు భద్రముగ నుంచిన 8,00,000 బాత్‌ల ఖాతా సాధారణముగా వాని యొక్కని పేరనే యుండవలెను గనుక, మరణవార్త చేరగనే స్తంభించును. ఆస్తి నిర్వాహకుని నియమించుచు న్యాయస్థానము ఉత్తరువిచ్చువఱకు భార్యకు దానినుండి దహనవ్యయమునకైనను పైకము రాదు. నిర్వాహకుని పేరు చెప్పుచు థాయి భాషలో వ్రాసిన వీలునామా యున్నచో ఆ పని తేలికయగును. అచట కాపురము పెట్టదలచిన పాఠకుడెవడైన నున్నచో, ఇల్లు కట్టుటకు ముందే ఆ కాగితము వ్రాయించి, భార్య చేతికి నకలిచ్చి యుంచవలెను.