సీసాలో ఒక సంవత్సరం

తెలుగు పాఠాలు చెప్పుకునే ఆవిడ షాంపేన్ గురించి రాయడమేమిటని పాఠకులు బుగ్గలు నొక్కుకోకముందే ఒక మనవి. నేను తాగుడుకు వకాల్తా పుచ్చుకుని రాలేదు. ఈ జన్మలో నేను రుచి చూసిన షాంపేన్ అంతా కలిపితే ఒక కాఫీగ్లాసుకు మించదు. అందులో మొదటి గుక్క ఎందుకు వృథా అయిందో, తరవాతిది ఎందుకు గుర్తుండిపోయిందో చెప్పాలనిపించింది. అంతే.

మా తమ్ముడు పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 మే నెలలో వాడి గృహప్రవేశానికి వెళ్లాను. పాలు పొంగించే వేళకు అలవాటుకొద్దీ వెనకగదిలోకి తప్పుకున్నాను. మావారు పోయి అప్పటికి నాలుగేళ్లు. నన్ను ఎవరూ పొమ్మనలేదు, రమ్మననూ లేదు.

సాయంత్రం వాడి స్నేహితులు వచ్చి, షాంపేన్ సీసా ఒకటి బాగా కుదిపి బిరడా ఎగరగొట్టారు. అది పోయి పైకప్పుకు తగిలింది. సగం నురగ తివాచీమీద, కాస్త నా పట్టుచీరమీద పడింది. మిగిలినది వెడల్పాటి గ్లాసుల్లో పోసి, కేకు ముక్కతో అందరికీ ఇచ్చారు. "ఊరికే రుచి చూడు అక్కా" అని మా తమ్ముడు బలవంతం చేస్తే ఒక గుక్క తీసుకున్నాను. నాలుక కొంకర్లు పోయేంత చలి, ఆపైన చింతపండు పులుపు. దీనికోసమా లోకం ఇంత వెర్రెత్తిపోతున్నది అనుకున్నాను.

మా మరదలు నా మొహం చూసి నవ్వింది. "తప్పు దానిది కాదు వదినా, మనది. రేపు ముగ్గురం రాన్స్ వెళ్లొద్దాం, మీకే తెలుస్తుంది" అంది.

రాన్స్‌ను ఇంగ్లీషువాళ్లు రీమ్స్ అంటారు. పారిస్ నుంచి వేగం బండిలో ముప్పావుగంట ప్రయాణం. షాంపేన్ అన్నది మొదట ఆ సీమ పేరు. అక్కడ పండిన ద్రాక్షతో, అక్కడి పద్ధతిలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. ఊరి కింద రోమనుల కాలంలో తవ్విన సుద్దరాతి గనులున్నాయి. అవే ఇప్పుడు మాళిగలు. పొమ్మరీవారి మాళిగలోకి 116 మెట్లు దిగాం. పైన ఎండ, అడుగున ఏడాది పొడుగునా 10 డిగ్రీల చలి. ఆ మసకచీకట్లో బారులు తీరిన సీసాలు.

తయారీ సంగతి టూకీగా చెబుతాను. ద్రాక్షరసం పులిసి మామూలు వైను అయ్యాక దాన్ని సీసాలో పోసి, కొంచెం పంచదార, ఈస్టు చేర్చి మూత బిగిస్తారు. లోపల రెండోసారి పులుస్తుంది. పుట్టిన వాయువు బయటికి పోయే దారిలేక వైనులోనే కరిగి వుంటుంది. సీసా లోపలి ఒత్తిడి కారు టైరులో వుండేదానికి రెండుమూడింతలు. అలాంటిదాన్ని పట్టుకుని కుదిపితే ఊరుకుంటుందా?

చాలా షాంపేన్ సీసాలమీద సంవత్సరం వుండదు. అక్కడి చలినీ వాననూ నమ్మడానికి లేదు గనుక, పాత ఏళ్ల వైను దాచి పెట్టుకుని, కలిపి, ఏటా ఒకే రుచి వచ్చేట్టు చూస్తారు. అది 15 నెలలు మాగితే చాలు. పంట బాగా కుదిరిన ఏడు మాత్రం ఆ ఒక్క ఏటి ద్రాక్షతోనే చేసి, చీటీమీద సంవత్సరం అచ్చువేస్తారు. దానికి చట్టం ప్రకారం కనీసం మూడేళ్లు ఆగాలి. పేరున్నవాళ్లు ఇంకా ఎక్కువకాలం ఆగుతారు. అంతకాలం అడుగున చేరిన ఈస్టు మడ్డి సావాసంలో వైనుకు కాల్చిన రొట్టె వాసన, వేయించిన బాదంపప్పు వాసన పట్టుకుంటాయి.

బయటికి వచ్చాక ఒక దుకాణంలో పసుపుపచ్చ చీటీల సీసాలు కనిపించాయి. 'వెవ్ క్లికో' అని రాసి వుంది. మొదటి మాటకు అర్థమేమిటని అడిగాను. మా మరదలు కాస్త తటపటాయించింది.

"విధవ అని, వదినా."

ఆవిడ కథ దారిపొడుగునా చెప్పించుకున్నాను. బార్బ్ నికోల్ క్లికోకు 1805లో భర్త పోయేనాటికి 27 ఏళ్లు, చేతిలో ఆరేళ్ల కూతురు. నెపోలియన్ చట్టం కింద పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేనిదే వ్యాపారం చెయ్యరాదు. విధవకు ఆ అడ్డు లేదు. ఆవిడ మామగారిని ఒప్పించి వ్యాపారం చేతిలోకి తీసుకుంది. ఆ రోజుల్లో మడ్డి తేరక వైను మసకగా వుండేదిట. బల్లకు కన్నాలు పెట్టి, సీసాలను తలకిందులుగా గుచ్చి, రోజూ కాస్త కాస్త తిప్పుతూ మడ్డినంతా మూత దగ్గరికి దింపే పద్ధతి 1816 ప్రాంతాల ఆవిడ మాళిగలోనే పుట్టింది. అప్పుడు మూత తీస్తే మడ్డి ఎగిరిపోయి తేటవైను నిలుస్తుంది. సంవత్సరం పేరుతో తొలి షాంపేన్ 1810 పంటతో చేసిందీ ఆవిడే అని ఆ సంస్థ చెప్పుకుంటుంది. మేము చూసిన మాళిగల యజమానురాలు లూయీజ్ పొమ్మరీ కూడా 1858లో భర్తను పోగొట్టుకున్నదే. అదివరకు పానకంలా వుండే షాంపేన్‌లో తీపి తగ్గించి, 1874 పంటతో 'బ్రూట్' రకానికి పేరు తెచ్చింది ఆవిడ.

'విధవ' మన నోళ్లలో నలిగి 'వెధవ' అయి తిట్టుగా మారిందని నేను ఏటా క్లాసులో చెబుతాను. పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వేదాన్ని. ఆ మాటనే ఇంటిపేరుకు ముందు పెట్టుకుని దేశదేశాలకు అమ్మిన ఆవిడ వుందని నలభై దాటాక తెలిసింది.

తిరుగు ప్రయాణంలో మా తమ్ముడి చేతిలో ఒక సీసా వుంది. దానిమీద 2008 అని వుంది. అది నా పెళ్లయిన సంవత్సరం. వాడేమీ అనలేదు, నేనూ అడగలేదు. ఆ ఏడు షాంపేన్ సీమలో వేసవంతా మబ్బూ చలీనట. సెప్టెంబరు ఎండలు పంటను గట్టెక్కించాయిట. పులుపు నిలిచిన పంట గనుక దానికి ఆయువెక్కువ.

మర్నాటి సాయంత్రం కార్యక్రమం నిదానంగా నడిచింది. సగం నీళ్లు, సగం మంచుముక్కలు వేసిన బకెట్లో సీసాను అరగంట వుంచాం. ఫ్రీజరులో పెట్టకూడదు. మామూలు షాంపేన్‌కు 8 నుంచి 10 డిగ్రీలు, ముదిరినదానికి 10 నుంచి 12 డిగ్రీలు సరిపోతాయి. మరీ చల్లబడితే వాసనలు ముడుచుకుపోతాయి. గ్లాసులు పొడుగ్గా, నడుము కాస్త వెడల్పుగా, మూతి దగ్గర సన్నంగా వుండాలి. వెడల్పు గ్లాసులో బుడగలూ వాసనా నిమిషాల్లో ఎగిరిపోతాయి.

"నువ్వే తియ్యి అక్కా" అన్నాడు తమ్ముడు.

సీసాను ఏటవాలుగా, ఎవరి మొహంవైపూ లేకుండా పట్టుకుని తీగ వదులు చేశాను. బిరడామీదనుంచి బొటనవేలు తియ్యకూడదు. బిరడాను కదలనివ్వకుండా సీసానే మెల్లగా తిప్పాలి. చప్పుడు రాలేదు, నిద్రలో పాప నిట్టూర్చినట్టు చిన్న గాలి. ముందు కొద్దిగా పోసి, నురగ అణిగాక గ్లాసులో సగానికి పైగా నింపాను. సన్నని బుడగలు దారం కట్టినట్టు పైకి లేస్తున్నాయి.

మొదట వాసన చూడమన్నారు. పెనంమీద కాలుతున్న రొట్టె, వెనక నిమ్మతొక్క, ఎక్కడో తేనె. గుక్క తీసుకుంటే అదే పులుపు, కాని ఈసారి గుచ్చుకోలేదు. మింగేశాక కూడా చాలాసేపు నోట్లో నిలిచింది.

దీనికి తోడు ఏమిటి? అక్కడివాళ్లు ఆలిచిప్పలు, కాల్చిన కోడి, కోంతే జున్ను పెట్టుకుంటారు. ఉప్పూ కొవ్వూ వున్నచోట ఆ పులుపు నోరు శుభ్రం చేస్తుంది. మా శాకాహారపు బల్లమీద జున్నుతోపాటు నేను తీసుకెళ్లిన కారం తక్కువ జంతికలు, చెక్కలు పెట్టాం. జంతికలు జున్నును ఓడించాయి. ఆవకాయ మాత్రం పనికిరాదు. కారానికి మద్యం తోడయితే నాలుక మండిపోతుంది. అరిసె కొరికి తాగి చూశాను. మళ్లీ చింతపండే! మొన్నటి కేకు చేసిన అపచారం అదే. తీపి పక్కన తీపిలేని వైను వట్టి పులుపయిపోతుంది.

మూడు గుక్కలతో నా వంతు ముగించాను. పదహారేళ్లనాటి ఎండా మబ్బూ నా నోట్లో కరిగాయి. కళ్లు కూడా కాస్త చెమర్చాయి. మా మరదలు చూసీ చూడనట్టు చెక్కలు ముందుకు జరిపింది.

వచ్చేరోజున విమానాశ్రయంలో, "ఈసారి మీ ఇంట్లో ఏ శుభకార్యమైనా పాలు నేనే పొంగిస్తాను" అన్నాను.

"అలాగే వదినా. కాని పొంగాక పొయ్యి కట్టేది కూడా మీరే" అంది మా మరదలు.